పిడుగుడేగ రాని రోజు

మధురవాడలో ‘గూడు’ ఆట ఆడే పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ళందరిలో పిడుగుడేగను కళ్ళారా చూసింది కిన్నెర ఒక్కతే. మిగతావాళ్ళు చూశామంటూ కోసినవన్నీ కోతలే.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. అరచేతికీ మణికట్టుకీ కలిపి ఒక పట్టీ కట్టుకుంటారు. దాని లోపలివైపు రెండు రాగి బొట్లుంటాయి. మనిషి ఒంట్లో పుట్టే సన్నటి విద్యుత్తును అవి చర్మం మీంచి చదివి ఫోనుకు చెబుతాయి. దాన్ని బట్టి మూడువందల పన్నెండు వింతజీవాల్లో ఏదో ఒకటి వచ్చి తెరమీద వాలుతుంది. కుదురుగా కూర్చున్న పిల్లవాడికి మబ్బుతాబేలు వస్తుంది. పరీక్ష ముందు అరచేతులు చెమటపట్టిన పిల్లకు ఉప్పుకప్ప వస్తుంది. అరగంట కదలకుండా దాని దగ్గర కూర్చుంటే మచ్చికై గూట్లో చేరుతుంది. అన్నిటికీ రాజు పిడుగుడేగ. కారుమబ్బు రంగు రెక్కలు, ఈక ఈక చివరా ఒక నీలి నిప్పురవ్వ. అది వాలితే చేతిలో ఫోను సన్నగా వణుకుతుంది.

ఆ డేగను పుట్టించింది ఎవరో కాదు, కిన్నెర తల్లి సువర్చలే. రుషికొండ మీద ఆ ఆట తయారుచేసే ప్రయోగశాలలో, ఏ జీవం ఏ చేతికి రావాలో తేల్చడం ఆమె ఉద్యోగం. డేగ సంగతి వచ్చేసరికి, మనిషి ఒంట్లో గాలివాన లేచినట్టు విద్యుత్తు తలకిందులైతేనే రావాలని పెట్టింది. అలాంటి మనిషి ఎక్కడా ఉండడనుకుంది. దొరక్కపోయినా పరవాలేదు, పిల్లలు ఆశపడుతూ ఉంటే చాలునని పైవాళ్ళ ఉద్దేశం.

అలాంటి మనిషి తన ఇంట్లోనే ఉందని ఆమెకు ఒక ఆదివారం తెలిసింది. వంటింట్లో దోసెలు పోస్తుంటే కిన్నెర కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! డేగ! నిజం డేగ! నానమ్మా, నువ్వూ రా, చూడు!"

ముగ్గురూ తలలు ఆనించి చూశారు. డేగ మెడ వంచి ఇటూ అటూ చూసింది, రెక్క విదిల్చింది. కిన్నెర ఊపిరి బిగబట్టి కూర్చుంది. అరగంట ఓపిక పడితే డేగ తనదే. ఇరవై నిమిషాలు గడిచాయి. పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి, ఒళ్ళు కొయ్యబారింది, కుర్చీలోంచి పక్కకు ఒరిగి పడింది.

కిన్నెరకు ఏడో ఏట నుంచీ మూర్ఛ ఉంది. మాత్రలు వేస్తూనే ఉన్నారు. అయినా నెలకు రెండుమూడుసార్లు ఎక్కడ పడితే అక్కడ పడిపోయేది. బడి మెట్లమీద పడి గడ్డం చీరుకుంది. పొయ్యి ముందు పడి మోచెయ్యి కాల్చుకుంది. తండ్రి ఓడ ఇంజినీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళమీదే. ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పిల్ల వెనకాల నీడలా తిరిగేవాళ్ళు.

రెండోసారి డేగ వచ్చినప్పుడూ అంతే. మూడోసారి సువర్చల గడియారం చూసింది. వాలిన పంతొమ్మిది నిమిషాలకు మూర్ఛ వచ్చింది. ఏ డాక్టరూ ముందుగా చెప్పలేనిది తాను సరదాకు కల్పించిన పక్షి చెబుతోంది! ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఆనాటి నుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. డేగ వస్తే పరుపు వెయ్యాలి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ గట్టి వస్తువేదీ ఉండకూడదు. మొదటి మూడూ కలిపి నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు డేగ వచ్చింది, ఆ పద్ధతి మొదలయ్యాక పిల్ల ఒంటిమీద ఒక్క గీత పడలేదు. కిన్నెర బాధ మాత్రం వేరు.

"నేను లేచేసరికి ఎప్పుడూ ఎగిరిపోయుంటుందమ్మా. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆగొచ్చు కదా."

ఈ సంగతి సువర్చల ఆఫీసులో చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మేం ఆటవాళ్ళం, వైద్యులం కాదు, రేపేదైనా అయితే కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారని మర్నాడే డేగను పీకేస్తారు. అందుకని నోరు కుట్టేసుకుంది. తన పిల్ల వరకే చూసుకుంది. లోకంలో ఇంకెవరి పిల్లలకైనా డేగ ఇలాగే వస్తోందేమోనన్న ఆలోచన రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ పక్కకు నెట్టింది.

ఇక అత్తగారు అప్పలనరసమ్మ. ఆవిడది బొబ్బిలి దగ్గర పల్లె. మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో ఇనుము పెడితే దిగిపోతుందని ఆవిడ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. తెలియనిదల్లా ఈ కోడలికీ, ఆ డాక్టరుకీనూ. మొదట్లో పిల్ల పడిపోగానే బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి తీసి అరచేతిలో పెట్టేది. డాక్టరు చూసి చీవాట్లు పెట్టాడు. సువర్చల ఇంటికొచ్చాక ఇంకో నాలుగు కలిపింది.

"ఇంకోసారి ఆ గుత్తి పిల్ల చేతిలో కనపడితే బాగుండదత్తయ్యా. అది వైద్యం కాదు, మూఢనమ్మకం."

"సరేలే అమ్మీ. పెద్ద సదువులు సదివినావు, నీ మాటే కానీ" అంది ఆవిడ, గుత్తి మళ్ళీ బొడ్లో దోపుకుంటూ. ఆ మాట అక్కడితో ముగిసిందనే సువర్చల అనుకుంది.

అయిదో నెలలో ప్రయోగశాలలో ఒక గొడవ లేచింది. అనుకోని విధంగా దేశంలో అక్కడక్కడా కొందరికి డేగ వాలుతోంది, వాళ్ళలో దొంగలు పడ్డారు. డేగ వాలగానే అరచేతిలో ఇనపముక్కో రాగితీగో అరగంటా వదలకుండా పట్టుకుంటే బొట్లకు మతిపోయి డేగ ఎగరలేక అక్కడే బిగుసుకుపోతుందని ఎవడో కనిపెట్టాడు. ఆ కిటుకు దేశమంతా పాకింది. నిజాయితీగా ఆడే పిల్లలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పై అధికారి కరుణాకర్ సువర్చల బల్ల దగ్గరకొచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీళ్ళని మీరే పట్టాలి సువర్చలగారూ. డేగ ఎవరి చేతికెళ్ళాలో నేర్పింది మీరేగా."

డేగ వాలిన మొదటి అయిదు నిమిషాల విద్యుత్తు గీతలు మాత్రమే ప్రయోగశాలకు వస్తాయి. వాటిమీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. పిల్లల గుట్టు కాపాడాలని పెట్టుకున్న నియమం అది, మంచి నియమమే. సువర్చల వారంపాటు వందల గీతలు తిరగేసింది. వాటిలో ఒక చెయ్యి ఆమెను ఆకట్టుకుంది. చివర తొమ్మిదివందల పదిహేడు అంకె ఉన్న చెయ్యి. మిగతావాళ్ళు తడబడుతూ ఇనుము తాకిస్తే, ఈ చేతికి డేగ వాలిన రెండు నిమిషాలకల్లా ఇనుము నిండుగా, గట్టిగా తగులుతోంది. ఒకసారి కాదు, ఆరుసార్లు.

"వీడెవడో ఆరితేరిన దొంగండీ. ఎప్పుడొస్తుందా అని ఇనుము పక్కనే పెట్టుకుని కూర్చుంటున్నాడు" అంది. గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

కిన్నెర సంగతి ఆమెకు తట్టకపోలేదు. దొంగచేతులకు డేగ రాకుండా తాను పెట్టబోయే అడ్డు తన పిల్లకు తగలదు కదా అని ఒక్క నిమిషం ఆగింది. పిల్ల చేతిలో పూచికపుల్ల కూడా ఉండకూడదని తానే కట్టడి చేసింది కదా, ఇంక భయమేమిటనుకుంది. తొమ్మిదివందల పదిహేడునే నమూనాగా పెట్టుకుని అడ్డు తయారుచేసింది. ఇంత ఘటికుణ్ణి పట్టుకోగలిగితే మిగతావాళ్ళు ఒక లెక్కా? డేగ ఉండగా ఇనుము పట్టిన చెయ్యి దొంగచెయ్యి, ఆ చేతికి డేగ ఇక రాదు. శుక్రవారం మధ్యాహ్నం అది ఆటలోకి వెళ్ళింది. కరుణాకర్ అందరికీ కాజాలు తెప్పించాడు.

ఆ తరవాత మూడు వారాలు ఇంట్లో పండగే. డేగ రాలేదు, మూర్ఛా రాలేదు. డాక్టరు అంతకుముందే మాత్ర మార్చాడు. ఎదిగే వయసులో కొందరికి తగ్గిపోతుందని కూడా అన్నాడు. సువర్చల ఆ మాటను కొంగున ముడేసుకుంది. అంతకుముందోసారి నెలన్నరపాటు ఇలాగే ఖాళీ వచ్చి, మళ్ళీ మొదలైన సంగతి ఆమెకు గుర్తుంది. కానీ గుర్తుచేసుకోదలచుకోలేదు.

కిన్నెర ఒక్కతే దిగులుపడింది.

"డేగకి నామీద కోపమొచ్చిందా అమ్మా?"

"కోపం కాదే పిచ్చితల్లీ. నీ ఒళ్ళు బాగైంది, ఇంక దానికి నీతో పనిలేదు."

"పని లేకపోతే రాకూడదా? ఊరికే రావచ్చుగా."

ఇరవైమూడో రోజు కిన్నెర పన్నెండో పుట్టినరోజు. బాల్కనీలోంచి చూస్తే సముద్రం కనిపించే ఇంట్లో పెరిగిన ఆ పిల్ల అయిదేళ్ళుగా అందులో కాలు పెట్టలేదు. కొత్త గౌను వద్దంది, కేకు వద్దంది. మోకాళ్ళ లోతు వరకే దిగుతాను, అలల్లో నిలబడతాను, అంతే అంది. సువర్చల ఆ ఉదయం ఆఫీసుకు తయారవుతోంది. ఫోను తీసి చూసింది. తెర ఖాళీగా ఉంది. పిల్ల కళ్ళల్లోకి చూసి కాదనలేకపోయింది.

"డేగ రాలేదుగా. వెళ్ళు" అంది.

అత్తగారికి అన్నీ అప్పజెప్పింది. "పట్టీ తడిసినా ఏం కాదు. ఫోను మీ చేతిలో పెట్టుకోండత్తయ్యా, చూపు దానిమీదే ఉంచండి. డేగ కనపడగానే పిల్లను పైకి లాగెయ్యండి. ఇరవై నిమిషాలు టైముంటుంది, కంగారు పడకండి."

అప్పలనరసమ్మ కోడలు చెప్పిన మాట తు.చ. తప్పలేదు. మంగమారిపేట దగ్గర ఇసకలో కూర్చుని, ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని, రెప్పవెయ్యకుండా ఫోనే చూసింది. మధ్యమధ్య తలెత్తితే పిల్ల అలలకు ఎగురుతూ కనిపించింది. ఆవిడ మళ్ళీ తల దించి తెర చూసింది. తెరమీద ఏమీ రాలేదు. పావుగంటా చూసింది, అరగంటా చూసింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒక పిల్ల బోర్లా తేలుతోందని వలలు ఆరేసుకునేవాళ్ళు అరిచినప్పుడు కూడా, తన పిల్ల కాదని ఆవిడకు ధైర్యం. డేగ రాలేదు కదా.

వాళ్ళు పైకి తెచ్చి పడుకోబెట్టేసరికే కిన్నెర లేదు.

తండ్రి అయిదోరోజున వచ్చాడు, పన్నెండోరోజున మళ్ళీ ఓడెక్కాడు. పదమూడోరోజున సువర్చల కిన్నెర పట్టీ తీసుకుని ప్రయోగశాలకు వెళ్ళింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆమె ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. తాను చేసిన పక్షి ఎందుకు మోసం చేసిందో ఆమెకు తెలియాలి. అది తెలియకుండా అన్నం సహించడం లేదు, నిద్ర పట్టడం లేదు.

ప్రయోగశాలకు రాని గీతలు కూడా పట్టీ తన పొట్టలో దాచుకుంటుంది. ఆమె వాటిని విప్పింది. పుట్టినరోజు ఉదయం తొమ్మిది దాటి పదకొండు నిమిషాలకు గాలివాన లేచింది. డేగ మోసం చెయ్యలేదు. వచ్చింది. గడప దాకా వచ్చింది. అక్కడ ఒక వరుస రాసి ఉంది: ‘ఆపివేయబడింది. దొంగచెయ్యి.’ పైన చెయ్యి అంకె ఉంది. చివర తొమ్మిదివందల పదిహేడు.

సువర్చల ఆ అంకెను చాలాసేపు చూసింది. తరవాత ఇనుము తగిలిన ఆరు తేదీలు వరసగా చూసింది. అన్నీ పనిదినాలే. అన్నీ తాను ఆఫీసులో ఉన్న వేళలే. తాను ఇంట్లో ఉండగా డేగ వచ్చిన మూడుసార్లూ ఇనుము లేదు. ఇంక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముసలామెను నిలదీసి అడగాలని, అరవాలని, ఆటో ఎక్కి తిన్నగా ఇంటికి వెళ్ళింది.

అప్పలనరసమ్మ వరండాలో గోడకు జారబడి కూర్చుని ఉంది. పదమూడు రోజులుగా ఆవిడ ఎవరో బలవంతం చేస్తే కాసిని గంజినీళ్ళు తాగడమే. కోడలు మొహం చూడగానే రెండు చేతులూ జోడించింది.

"అమ్మీ, నీకో మాట సెప్పాల. సెప్పకపోతే నా పేనం పోదు. నువ్వు ఒద్దన్నా నాను ఇన్లేదు. నువ్వు ఆపీసుకెల్లినప్పుడల్లా, ఆ పిట్ట ఒచ్చిందంటే సాలు, మూర్స రాకముందే తాళాలు దాని సేతిలో ఎట్టీదాన్ని. గుంటకి కూడా సెప్పినాను, మీయమ్మకి సెప్పకే అనీసి. అన్నిసార్లూ సల్లగా దిగిపోయిందమ్మా, ఒక్కసారి కూడా దెబ్బ తగల్లేదు."

సువర్చల నోరు తెరిచింది. ముసలామె ఇంకా చెబుతూనే ఉంది.

"ఆ రోజు ఇసకలో పడిపోతాయనీసి తాళాలు ఇంటికాడే ఒగ్గీసినాను. నా బుద్ది గడ్డి తిన్నాది. సేతిలో ఇనుముంటే బతికీదే తల్లీ! నానే సంపీసినాను. నా సేతుల్తో నానే సంపుకున్నాను."

ఆవిడ నెత్తి బాదుకుంటోంది. సువర్చల ఆ చేతులు పట్టుకుంది. ఈ మనిషి తాళాలు పెట్టకపోవడం వల్ల పిల్ల చచ్చిపోయిందని ఏడుస్తోంది. పెట్టినందువల్లే డేగ రాలేదని ఇప్పుడు చెబితే ఏమవుతుంది? డెబ్బై మూడేళ్ళ మనిషి ఆ మాట విని ఈ గోడకే తల బద్దలు కొట్టుకుంటుంది. అయినా పెట్టిన ఇనుమును దొంగతనమని రాసింది ఎవరు? ఆరితేరిన దొంగ అని నవ్వింది ఎవరు? కంచే చేను మేసింది, చేను కాపలా మనిషిని తిట్టి లాభమేముంది?

"మీ తప్పేం లేదత్తయ్యా" అంది. ముసలామె నమ్మలేదు.

మర్నాడు ఉదయం ప్రయోగశాలలో అందరినీ కూర్చోబెట్టి సువర్చల మొత్తం చెప్పింది. డేగకీ మూర్ఛకీ ఉన్న లంకె, తాను దాచిపెట్టిన సంగతి, తాను పెట్టిన అడ్డు, అన్నీ చెప్పింది. దొంగచేతుల జాబితాలో రెండువందల నలభై అంకెలుంటే, వాటిలో ఎందరు దొంగలో, ఎందరు కిన్నెరలో తనకు తెలియదంది. మూర్ఛ వచ్చే పిల్లల చేతిలో తాళాలు పెట్టే పెద్దవాళ్ళు మన దేశంలో ఇంటికొకరున్నారంది. ఈ నిమిషమే అడ్డు తీసెయ్యమంది. కరుణాకర్ మారుమాట్లాడకుండా అడ్డు తీయించాడు. తీయించి, నివేదిక కాగితం ముందుకు లాక్కున్నాడు. రాసేటప్పుడు అతని చెయ్యి ఆగింది.

"ఇది రాయక తప్పదు, ఏమనుకోకండి. మీ పాప చేతిలో ఇనుము... ఎవరు పెట్టారు?"

నివేదిక ఊరుకోదు. వైద్యులకు వెళుతుంది, పత్రికలకు వెళుతుంది, ఓడ మీదున్న భర్తకూ వెళుతుంది. అందులో అత్తగారి పేరుంటే, రేపు వీధిలో ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.

"నేనే" అంది సువర్చల.

పొరుగు బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి తలెత్తి ఆమెను చూసింది. ఇంత చదువుకున్న మనిషి, తాళాల గుత్తి! అనుకుంటున్నట్టు ఆ మొహంలో స్పష్టంగా కనిపించింది. కరుణాకర్ చూపు దించుకుని, ‘తల్లి’ అని రాసుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అప్పలనరసమ్మ పొద్దున కూర్చున్నచోటే ఉంది. పెట్టి వెళ్ళిన అన్నం ఎండిపోయింది. సువర్చల వేడన్నంలో పప్పు కలిపి, కంచం ఆవిడ ముందుంచి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"రెండు ముద్దలు తినండత్తయ్యా."

"ఆ తాళాలుంటే..." అని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.

"తాళాలతో పనిలేదు. ఆ రోజు డేగ వచ్చింది. టైముకే వచ్చింది. దాన్ని మీ ఫోనులోకి రానివ్వనిది నేను."

ముసలామె ఏడుపు ఆగింది. "నువ్వా? ఎందుకు రానియ్యనేదు?"

"ఆటలో దొంగలు ఎక్కువయ్యారని ఒక అడ్డు పెట్టాను. అది మన పిల్లకీ తగిలింది."

"దొంగలకి గదా ఎట్టినావు? మన గుంటకెందుకు తగిలింది? అదేటి దొంగతనం సేసినాది?"

జవాబు సువర్చల నాలుక చివరే ఉంది. ఆ ఒక్క మాట అనేస్తే తన గుండె మీది బరువు సగం దిగుతుంది. ఎదుటి గుండె మీద ఎక్కుతుంది. ఆమె తల వంచుకుంది.

"ఏమీ చెయ్యలేదు. నేనే సరిగ్గా చూసుకోలేదు."

"నానేమో ఆ పోనుకేసి సూస్తా కూకున్నాను" అంది ముసలామె నెమ్మదిగా. "నువ్వు సూడమన్నావని. పిల్లనొగ్గీసి దాన్నే సూసినాను."

"అవునత్తయ్యా. నేనే చూడమన్నాను."

అప్పలనరసమ్మ చాలాసేపు కోడలిని చూసింది. పద్నాలుగేళ్ళు కలిసి ఉన్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తరవాత కంచం దగ్గరకు లాక్కుంది. మొదటి ముద్ద కష్టంగా దిగింది. రెండోది, మూడోది ఆకలిగా తింది. పదమూడు రోజుల ఆకలి. సువర్చల కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ తినడం చూసింది. నాలుగో ముద్ద పొలమారితే, గబగబా గ్లాసులో మంచినీళ్ళు పోసి చేతికందించింది.

ఆవిడ ఆ గ్లాసు అందుకోలేదు. దగ్గుతూనే గోడ పట్టుకుని లేచి, వంటింట్లోకి నడిచివెళ్ళి, బిందెలో నీళ్ళు తానే ముంచుకుని తాగింది.